ఫిలిప్పీన్స్ దావావోలో అర్నిస్ కర్రవిద్య క్లాసులకి, కర్రలకి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఆగండి

చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, అయినా ఇప్పుడే రాస్తున్నాను. రేపటికి కోపం చల్లారితే "పోనీలే, మనవాడే కదా" అని ఊరుకుంటానేమోనని భయం. కొత్త బ్యాచ్‌లో ఇప్పటికే కొంతమంది అడ్వాన్సు ఇచ్చారని మధ్యాహ్నం మెస్‌లో విన్నాను. అందుకే ఈ తొందర.

ఎవరి గురించో దావావోలో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలందరికీ అర్థమవుతుంది. పేరు రాయను. దిగిన రోజు సిమ్ కార్డు దగ్గర్నుంచి రైస్ కుక్కర్ దాకా అన్నీ ఇప్పించే అన్నే. "అర్నిస్, కరాటే, బాక్సింగ్ కలిపి మూడు నెలల్లో" అని గ్రూపుల్లో పోస్టరు తిప్పుతుంటాడు. క్లాసులకి 6,500 పెసోలు, రెండు జతల పేము కర్రలకి 2,400. ఫోన్‌లో జీక్యాష్ అనే వాలెట్ నుంచి ఒక్కసారే పంపేశాను. రసీదు కూడా అడగలేదు.

నేనెందుకు చేరానంటే, చిన్నప్పుడు మా తాత దగ్గర కర్రసాము నేర్చుకున్నాను, తర్వాత ఎనిమిదేళ్లు షొటోకాన్ కరాటే చేశాను. కర్రసాము కర్ర మనిషంత ఉంటుంది, రెండు చేతులతో తిప్పుతాం. అర్నిస్ కర్ర 28 అంగుళాలు, ఒంటిచేత్తో, ఎదుటివాడి ఊపిరి తగిలేంత దగ్గర్లో ఆడతారు. ఫిలిప్పీన్స్‌లో 2009లో చట్టం చేసి మరీ దీన్ని జాతీయ క్రీడగా ప్రకటించారు. అర్నిస్ పుట్టింటికే వచ్చాను కదా, నాకు వచ్చిన విద్యతో కలిపి నేర్చుకుందామని ఎంతో ఆశపడ్డాను.

కలపడమంటే అరగంట కరాటే కటా (వరస కదలికల సాధన), అరగంట కర్ర తిప్పుడు కాదు. ఫిలిప్పీన్స్ గురువు రెమీ ప్రెసాస్ తాను రూపొందించిన మోడర్న్ అర్నిస్‌లో జూడోనీ షొటోకాన్‌నీ కలిపింది అలా కాదు. అక్కడ దెబ్బలకి 12 కోణాలున్నాయి, మొదటి రెండూ కణతలకి. అదే కోణంలో కర్ర వచ్చినా, కత్తి వచ్చినా, ఉత్త చెయ్యి వచ్చినా అడుగూ నడుమూ ఒకేలా కదలాలి. అసలు చిక్కు ఖాళీ చేతి దగ్గర వస్తుంది. కరాటేలో ఒక చెయ్యి కొడుతుంటే రెండోది నడుము దగ్గరికి లాగుతాం. అర్నిస్‌లో ఆ చెయ్యి రొమ్ము ముందు కాపలా ఉండాలి, ఎదుటివాడి మణికట్టుని అదే ఆపాలి. ఎనిమిదేళ్ల అలవాటు, దానంతటదే నడుముకి పోతుంది. రెండో రోజే అడిగాను, "అన్నా, ఈ చెయ్యి ఎక్కడ పెట్టాలి?" అని. "ఎక్కడైనా ఒకటే తమ్ముడూ, ఫ్లో రావాలి అంతే" అన్నాడు. ఆ మాటకే నేను బయటికి వచ్చేయాల్సింది. రాలేదు. తప్పు నాదే.

ఇక కర్రలు. చూడ్డానికి అచ్చం పేములాగే ఉన్నాయి, మంటలో కాల్చినట్టు నల్లటి వలయాలతో, మంచి నునుపుతో. నిన్న సాయంత్రం మా జూనియర్‌తో సినావలి చేస్తున్నాను. తడిక అల్లినట్టు రెండేసి కర్రలు అడ్డంగా తగులుతూ పోయే జోడీ సాధన అది. అసలైన పేములు అలా గట్టిగా తగులుతుంటే కాలిన వాసన వస్తుంది, చేసినవాళ్లకి తెలుసు. మాకు వాసనేమీ రాలేదు, నల్ల రంగు పెచ్చులు రాలి అరచేతికి అంటుకుంటున్నాయి. చూస్తూ కూడా ఆపలేదు నేను. మరో రెండు నిమిషాలకి నా కుడిచేతి కర్ర చివర ఫట్‌మని విరిగింది. జానెడు ముక్క ఎగిరిపోయి వాడి ఎడమ కంటికింద గుచ్చుకుంది. కంటికీ దెబ్బకీ మధ్య వేలెడు దూరం కూడా లేదు. చెంప మీద రక్తం కారుతుంటే వాడు "ఏం కాలేదన్నా, ఏం కాలేదు" అని నాకే ధైర్యం చెబుతున్నాడు. మూడు కుట్లు పడ్డాయి.

పేము అలా విరగదు. అది లోపల బోలు లేని తీగ, దెబ్బలు తిని తిని చీపురు కట్టలా పీచు లేస్తుంది, అంతే. తోటివాడి మీదికి ముక్క ఎగరకూడదనే సాధనకి పేము వాడతారు. హాస్టల్‌కి వచ్చి విరిగిన చోట లైటు కింద పెట్టి చూశాను. తెల్లటి మెత్తటి చెక్క, మామూలు దుంగ చారలు. చిత్రిక పట్టి, రంగుతో వలయాలు వేసి అమ్మాడు.

ఇంతవరకూ మోసమే అనుకోండి. ఈ రోజు పొద్దున ముక్క పట్టుకుని వెళ్లాను. డబ్బు అడగడానికి కూడా కాదు, మిగతావాళ్ల కర్రలు వెనక్కి తీసుకోమని చెప్పడానికి. పది, పన్నెండు మంది వరసగా నిలబడి ఉన్నారు. అందరి ముందూ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి అన్నాడు: "మీ తాత కర్రసాము నేర్పాడన్నావుగా తమ్ముడూ. ఏ కర్రో పట్టుకుంటే తెలియలేదా? అది కూడా నేర్పలేదా ఆయన?" ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా నోట మాట రాలేదు. చేరిన రోజు తాత గురించి చెప్పింది నేనే, ఎంతో నమ్మకంగా. వెదురు కొట్టడానికి వెళ్లినప్పుడు గణుపు గణుపుకీ గోటితో మీటి, మోత విని ఏరేవాడు మా తాత. కాకపోతే ఆయన జన్మలో పేము కర్రతో ఆడలేదు, నేనూ ఆడలేదు. ఆ సంగతి తెలిసే అమ్మాడు, తెలిసే అందరి ముందూ ఆ మాట అన్నాడు. 8,900 పోయినందుకు కాదు, ఆ మాటకే పొద్దుట్నుంచి అన్నం దిగడం లేదు. జూనియర్ ఎలా ఉన్నాడని ఒక్క ముక్క అడగలేదు మనిషి!

కొనేవాళ్లు కర్ర కోసిన చివర చూడండి. పేముకి సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు నిండా కనిపిస్తాయి, చెక్కకి చారలు కనిపిస్తాయి. చివరలకి రంగో టేపో వేసి మూసేసుంటే కొనకండి. క్లాసుకి ముందు ఒక రోజు కూర్చుని చూస్తానని అడగండి, మూడు నెలల డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోకుండా జోడీ సాధన చేయకండి, నేను పెట్టించలేదు.

ఆ కర్రలు ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి ఈ రాత్రికి బ్యాగులోంచి తీసి పక్కన పెట్టేయండి. అనుమానమున్నవాళ్లు మూడో అంతస్తులో నా గదికి తెచ్చి, విరిగిన ముక్క పక్కన పెట్టి చూసుకోండి. పదకొండు దాకా మేలుకునే ఉంటాను.