రెండు ఎలుకల్లో ఆపరేషన్ దేనికి చేయాలో ఓపిగ్గా చూసి చెప్పిన క్లినిక్

మాది చంద్రగిరి. ఇంట్లో బ్లౌజులు కుడతాను. సంక్రాంతి సెలవులప్పుడు మా అమ్మాయి పట్టుబట్టి తిరుపతిలో ఒక షాపులో రెండు తెల్ల ఎలుకలు కొనిపించుకుంది. రెండూ ఆడవే, ఏం టెన్షన్ లేదని అమ్మినారు. ఒకటి చిట్టి, ఇంకోటి బొరుగు. మార్చి మొదట్లో ఒక సాయంత్రం చూస్తే చిట్టి పక్కన గులాబి రంగులో తొమ్మిది పిల్లలు. బొరుగు మగదన్నమాట! దాని తోక కింద ఉన్నది వాపేమో అని అన్నాళ్లూ అనుకుంటూ ఉన్నాం.

ఒక చోటికి ఫోన్ చేస్తే "ఎలుకలకి మేం చూడం, పొలంలో వదిలేయండి" అని పెట్టేశారు. తర్వాత ఈ క్లినిక్‌కి చేశాను. డాక్టర్ గారే ఎత్తారు. నేను పూర్తిగా చెప్పకముందే "మగదాన్ని వేరే పెట్టినారా? ముందు ఆ పని చేయండమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నారు. పిల్లల్ని పెట్టిన రోజే ఎలుక మళ్లీ మగదాంతో కలుస్తుందట. మూడు వారాలు తిరిగేసరికి ఇంకో కాన్పు. ఆ ఒక్క మాట ఆ రాత్రి చెప్పకపోయి ఉంటే మా ఇంట్లో ఏమయ్యేదో! అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు: పిల్లలకి ఐదు వారాలు నిండేలోపు మగవి ఒక పక్కకి, ఆడవి ఒక పక్కకి చేయాలని. చేశాం. ఆ తొమ్మిదింటికీ మంచి ఇళ్లు వెతకడానికి నెల పట్టింది.

పిల్లలు పాలు మానాక ఏప్రిల్‌లో రెండింటినీ తీసుకెళ్లాం. నేను ఒక నిర్ణయానికి వచ్చే వెళ్లాను, ఇక పిల్లలు పుట్టకుండా చిట్టికే ఆపరేషన్ చేయించాలని. ఆడ ఎలుకలకి రొమ్ము గడ్డలు ఎక్కువగా వస్తాయని, చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు తీయిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుందని విన్నాను. ఒక్క ఆపరేషన్‌తో కాన్పులూ ఆగుతాయి, గడ్డల భయమూ పోతుంది కదా అని అడిగాను.

ఆయన అది తప్పు అనలేదు. "మీరు విన్నది నిజమే. కానీ ముందు దీన్ని చూడనీయండి" అని చిట్టిని ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గ్రాముల కాటా మీద తూచారు. తర్వాత దాన్ని అరచేతిలో ఆనించుకుని, పసిపిల్లలకి పెట్టే చిన్న స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు. గది తలుపు కూడా వేయించారు, బయట కుక్కల అరుపుల్లో వినపడదని. ముక్కు చుట్టూ ఎర్రగా అంటుకుని ఉంటే నేను రక్తం అనుకుని భయపడ్డాను. అది రక్తం కాదట, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి నీరు, ఒంట్లో నలతగా ఉన్నా, బెదిరినా ఎక్కువ కారుతుందట. పెంపుడు ఎలుకల్లో మైకోప్లాస్మా అనే ఊపిరితిత్తుల జబ్బు చాలా మామూలని, చిట్టి ఊపిరిలో గరగర ఉందని, ఈ స్థితిలో మత్తిచ్చి పొట్ట కోయడం తనకి ఇష్టం లేదని చెప్పారు. బొరుగు ఊపిరి శుభ్రంగా ఉంది. మగదానికి పొట్ట తెరవక్కర్లేదు. "కాన్పులు ఆగాలంటే వీడికి చేస్తే చాలు. ఆమెకి ముందు మందులు వాడదాం."

ఒకవేళ అసలు ఆపరేషనే వద్దనుకుంటే రెండింటినీ జన్మంతా వేరుగా ఉంచాలి. అదీ వివరంగా చెప్పారు. ఎలుక ఒంటరిగా బతికే ప్రాణి కాదు, ఉండేదే రెండు మూడేళ్లు. బొరుగు వేరే పంజరంలో కడ్డీలు పట్టుకుని చిట్టి వైపే చూస్తూ ఉండటం నేను నెలరోజులు చూశాను. అందుకే సరే అన్నాను.

ఆపరేషన్ ముందురోజు రాత్రి దానికి తిండి పెట్టకూడదేమో అని గిన్నె తీసేశాను, మనుషులకి అలాగే కదా. అనుమానం వచ్చి ఫోన్ చేస్తే వెంటనే పెట్టమన్నారు. ఎలుకకి వాంతి రాదు, కాబట్టి కడుపు మాడ్చే పని లేదు, పైగా అంత చిన్న ఒంట్లో చక్కెర పడిపోతే ప్రమాదమట. మత్తు గ్యాస్‌తో ఇచ్చారు. మగ ఎలుకకి వృషణాల సంచి నుంచి పొట్టలోకి వెళ్లే దారి తెరిచే ఉంటుంది కాబట్టి దాన్ని లోపల మూసి కుట్టాలని, లేకపోతే పేగు జారుతుందని ముందే చెప్పారు. మధ్యాహ్నం వెళ్లేసరికి వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి, దాని పక్కన పడుకోబెట్టి ఉన్నారు. నన్ను చూసి మీసాలు కదిలించింది.

నా పని కుట్టే పని కాబట్టి నేను మొదట కుట్టే చూశాను. పైన దారమే కనపడలేదు. చీర ఫాల్‌కి చేతి హెమ్మింగ్ చేసినట్టు అంతా లోపలే పోయింది, రెండు అంచులూ ఒకదానికొకటి సమంగా ఆనుకుని ఉన్నాయి. పైన దారం ఉంటే ఎలుక పళ్లతో లాగేస్తుందట. అంత చిన్న చోట అంత శుభ్రమైన పని చేసిన చేతికి దండం పెట్టాలనిపించింది. రంపపు పొట్టు పుండుకి అంటుకుంటుందని చెబితే పాత కాటన్ లైనింగ్ ముక్కలు పరిచాను. నొప్పికి మెలాక్సికామ్ చుక్కలు పెరుగన్నంలో కలిపి ఇచ్చాం. మూడో రోజుకి మామూలుగా తిరిగింది. మందులతో కలిపి 3,200 అయింది.

ఒక విషయం మాత్రం వాళ్లు మార్చుకోవాలి. ఆపరేషన్ అయినా మగ ఎలుక వల్ల ఇంకో మూడు నాలుగు వారాలు కడుపు వచ్చే అవకాశం ఉంటుంది. ఇది నోటితో చెప్పారు, చీటీలో రాయలేదు. వారం తిరగ్గానే మా ఆయన పాపం అని బొరుగుని చిట్టి దగ్గర వదలబోయారు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఇలాంటివి తెలుగులో రాసి చేతికివ్వాలి. కుక్కలూ పిల్లులూ ఉండే హాల్లోనే కూర్చోబెడతారు, బొరుగు ఒళ్లంతా వణికింది. ముందే ఫోన్ చేసి చెబితే నేరుగా లోపలికి పిలుస్తున్నారు, ఎలుకలు తెచ్చేవాళ్లు అలా చేయండి. ఎండల్లో అయితే పొద్దున్నే వెళ్లండి, వేడికి ఇవి తట్టుకోలేవు.

మే నుంచి రెండూ ఒకే పంజరంలో, నేను కుట్టిన ఒకే ఊయలలో పడుకుంటున్నాయి. ఎలుకకి రొమ్ము గ్రంథులు మెడ కింది నుంచి తొడల దాకా ఉంటాయట. అందుకని ప్రతి ఆదివారం మా అమ్మాయి చిట్టి చంకల కింద, పొట్ట పక్కన వేళ్లతో తడిమి చూస్తుంది. ఇంతవరకు ఏమీ తగల్లేదు. గరగర తగ్గింది. వచ్చే నెల మళ్లీ ఊపిరి విని, దానికి చేయాలో వద్దో చెబుతామన్నారు. ఆయన ఏది చెబితే అది చేస్తాం.