తోలు గ్లవ్సా, నైట్రైలా? లోహం పడని చేతులకు ఏది మేలు?

ఈ మధ్య వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు: "అన్నయ్యా, నీ చేతులు ఇప్పుడు బాగానే ఉన్నాయి కదా, ఏ గ్లవ్స్ వాడుతున్నావు?" గాజువాక ఆటోనగర్ షెడ్లలో స్టీల్ రెయిలింగులు, గేట్లు చేస్తూ పద్నాలుగేళ్లయింది. అందులో నాలుగేళ్లు దురదతోనే గడిచాయి. అడిగేవాళ్లలో వెల్డర్లున్నారు, గ్రైండింగ్ కుర్రాళ్లున్నారు, మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లలో పనిచేసే తాపీ మేస్త్రులూ ఉన్నారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాకు మొదట వేళ్ల సందుల్లో చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. రాత్రిళ్లు గోకి గోకి రసి కారేది. మందుల షాపులో తామర అని ట్యూబ్ ఇచ్చారు. రాస్తే రెండు రోజులు తగ్గేది, మానేస్తే తిరగబెట్టేది. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది. నాకది తర్వాత తెలిసింది. స్టీలు పడటం లేదేమోనని పొద్దున్నించి సాయంత్రం దాకా పొడవాటి పసుపు తోలు గ్లవ్స్ తొడుక్కోవడం మొదలుపెట్టాను. తగ్గలేదు సరికదా, మణికట్టు దాటి పైకి పాకింది. గ్లవ్ అంచు ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, గీత గీసినట్టు ఆగింది.

చివరికి చర్మం డాక్టరు గారు ఒంటికి ఏది పడటం లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ పెట్టారు. వీపు మీద ఒక్కో పదార్థం పెట్టిన చిన్న చిన్న మందుబిళ్లల్లాంటివి అతికించి 48 గంటలు ఉంచుతారు. తడవకూడదు, చెమట పట్టకూడదు. అందుకే సంక్రాంతి సెలవుల్లో చేయించుకున్నాను, మే నెలలో విశాఖలో అది అయ్యే పని కాదు. తీసినప్పుడు ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు, ఎందుకంటే ఈ రకం అలర్జీ వెంటనే బయటపడదు. నాకు నికెల్ దగ్గర ఏమీ రాలేదు. క్రోమియం పెట్టిన చోట, అంటే పొటాషియం డైక్రోమేట్ దగ్గర, ఎర్రగా ఉబ్బి పొక్కులు లేచాయి. డాక్టరు గారు అది చూసి అడిగిన మొదటి మాట: "చేతికి ఏం తొడుక్కుంటున్నావు బాబూ?"

అసలు సంగతి అక్కడుంది. పచ్చి తోలు పాడవకుండా పదును చేయడానికి (టానింగ్) క్రోమియం లవణాలు వాడతారు. మార్కెట్లో దొరికే తోలులో ఎక్కువ భాగం అలా తయారైనదే. అందులో కొంత క్రోమియం హెక్సావాలెంట్ అనే రూపంలోకి మారవచ్చు, చర్మానికి ఎక్కువ చేటు చేసేది ఆ రూపమే. యూరప్‌లో ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకి 3 మిల్లీగ్రాములు మించకూడదని 2015 నుంచి నిబంధన ఉంది. పొడిగా ఉన్న తోలు కన్నా చెమటకు తడిసిన తోలు ప్రమాదం, ఎందుకంటే చెమటలో ఆ క్రోమియం ఊరి చర్మంలోకి దిగుతుంది. నా పాత గ్లవ్ ఒకటి తిరగేసి చూశాను. వేళ్ల దగ్గర తోలు నల్లగా, మెత్తగా, పిండితే నీళ్లు కారేలా ఉంది. రోజుకు ఎనిమిది గంటలు నా చేతులు నానింది అందులోనే.

అందుకే గ్లవ్ బయట ఎంత గట్టిగా ఉందన్నది కాదు, లోపల చెమట ఏమవుతోందన్నదే నేను మొదట చూస్తాను. మన ఊరి ఉక్కపోతలో దీన్ని పక్కనపెట్టి ఏది కొన్నా దండగే.

నైట్రైల్ విషయానికొస్తే, అది ఒక రకం కృత్రిమ రబ్బరు, అందులో క్రోమియం లేదు. కూలెంటు (మిషన్ మీద లోహాన్ని చల్లబరిచే ద్రవం), సిమెంటు నీళ్లు, గ్రైండింగ్ పొడి లోపలికి రానివ్వదు. కానీ వట్టి నైట్రైల్ తొడుక్కుంటే గంటలో చేయి తెల్లగా నాని ముడతలు పడుతుంది, అలా నానిన చర్మం ఇట్టే పగులుతుంది. నేను లోపల పలచని కాటన్ గ్లవ్ వేసి, దానిమీద నైట్రైల్ వేస్తాను. కాటన్‌వి ఆరు జతలు కొన్నాను. తడి తగలగానే మారుస్తాను, టీ టైములో ఒకటి, భోజనం దగ్గర ఒకటి. సాయంత్రం ఇంటికి తెచ్చి ఉతికేస్తాను. ఈ పద్ధతి మొదలుపెట్టిన మూడో నెలకి నా వేళ్ల సందులు మానాయి. నా ఓటు దీనికే. కొంతమందికి రబ్బరులో కలిపే రసాయనాలూ పడవు. నైట్రైల్ వేసుకున్నాక చేతి వెనక అంతా దద్దుర్లు వస్తే అది కూడా డాక్టరుకు చెప్పండి.

అయితే వెల్డింగ్ దగ్గర నైట్రైల్ వద్దు. నిప్పురవ్వ పడితే కాలి చర్మానికి అంటుకుంటుంది. అక్కడ తోలు తప్పదు. క్రోమియం వాడకుండా పదును చేసిన తోలు గ్లవ్స్ ఉంటాయి, అడిగి తెప్పించుకోవాలి, ధర ఎక్కువే. లోపల కాటన్ గ్లవ్ మాత్రం మానకూడదు. లేత్, డ్రిల్లింగ్ మిషన్ల మీద అసలు గ్లవ్సే వద్దు, తిరిగే మిషన్ గ్లవ్‌ను పట్టి చేయిని లాగేస్తుంది. అక్కడ చేసేదల్లా కూలెంటు అంటిన చేతిని త్వరగా సబ్బుతో కడుక్కోవడం. కిరోసిన్‌తో కాదు, బట్టల పొడితో అసలే కాదు.

టెస్టులో నికెల్ అని వచ్చినవాళ్లకు లెక్క మారిపోతుంది. వాళ్లకు తోలు శత్రువు కాదు, పొడి పనికి నిక్షేపంగా వాడుకోవచ్చు. వాళ్లు చూసుకోవలసింది నికెల్ ప్లేటింగ్ ఉన్న పనిముట్లు, బెల్టు బకిల్, తాళాల గుత్తి. నికెల్ ఊడి వస్తోందో లేదో చూసే టెస్ట్ ద్రావణం ఉంటుంది, దూదికి అద్ది రుద్దితే గులాబీ రంగు తేలుతుంది. అందుకే టెస్ట్ చేయించుకోకుండా నన్ను గ్లవ్స్ అడగొద్దని ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

మొన్న ఒక తాపీ మేస్త్రి చేతులు చూపించి, "సిమెంటు తినేసింది బాబూ, పాతికేళ్ల నుంచి లేనిది ఇప్పుడేటి?" అన్నాడు. పాతికేళ్లు పడినది కూడా ఒక రోజు పడకుండా పోతుంది, ఒకసారి అలర్జీ వచ్చిందంటే మామూలుగా జీవితాంతం ఉంటుంది. సిమెంటులోనూ ఆ హెక్సావాలెంట్ క్రోమియమే ఉంటుంది. యూరప్‌లో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి దాన్ని తగ్గిస్తారు, 2005 నుంచి అక్కడ పది లక్షల పాళ్లలో 2 పాళ్లు దాటకూడదు. మేస్త్రికి మోచేతి దాకా వచ్చే మందపాటి నైట్రైల్ చెప్పాను. పొట్టివి వేసుకుంటే సిమెంటు మాలు లోపలికి జారి అక్కడే ఉండిపోతుంది, అసలు వేసుకోకపోవడం కన్నా అది అన్యాయం.

చుక్కల కాటన్ గ్లవ్స్ పొడి సామాను మోయడానికి సరే, తడి తగిలితే పీల్చుకుని చర్మానికి అద్దుతాయి. చేతికి అడ్డుపొరలా రాసుకునే బారియర్ క్రీముల మీద నాకు నమ్మకం లేదు.

ఇక నా సమస్య పాదాలు. సేఫ్టీ బూట్లు కూడా అదే తోలు. చీలమండల మీద పోయినేడు వచ్చిన మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు. ప్రస్తుతానికి మందపాటి కాటన్ సాక్సులు రెండు జతలు పెట్టుకుని మధ్యాహ్నం మారుస్తున్నాను. తోలు లేని సేఫ్టీ బూట్లు తొమ్మిదో నంబరులో ఎవరికైనా దొరికితే చెప్పండి.