గన్నవరం నుంచి లండన్: గాల్లో మందు సంగతి

గన్నవరంలో ఎక్కి బీరు అడక్కండి, దేశంలోపల తిరిగే విమానాల్లో మందు పొయ్యరు. హైదరాబాద్‌లో లండన్ ఫ్లైట్ ఎక్కాకే నా ముచ్చట తీరింది. అదీ సగమే. బీర్లు రెండు రకాలు, రెండూ లాగర్ అనే ఒకే తరహా బీరే. 330 ఎం.ఎల్. డబ్బా, చల్లదనం అంతంతమాత్రం, గ్లాసులో సగం నురగే. జిన్ టానిక్‌లో నిమ్మచెక్క కూడా లేదు.

వోడ్కాలో టమాటా రసం, మిరియాలు కలిపిన బ్లడీ మేరీ మాత్రం అదిరింది! ఇంట్లో టమాటా రసం ముట్టను. గాల్లో వేరే లెక్క: పొడిగాలికి, ఇంజిన్ హోరుకి నాలుకకి తీపి సరిగా అందదు, టమాటా కమ్మదనం మాత్రం బాగా తెలుస్తుంది. గుంటూరోణ్ణి కదా, మిరియాలు ఆనలేదు. అమ్మ కట్టిచ్చిన పొట్లంలోంచి చిటికెడు కారప్పొడి కలిపాను. పక్కసీటాయన తనకీ కొంచెం వెయ్యమని గ్లాసు చాపాడు.