యుద్ధం కవర్ చేయడమా, మాఫియా మీద పడటమా? డాక్యుమెంటరీ జర్నలిస్టుకి ఏది మేలు?

కెమెరా పట్టుకుని ఈ ఫీల్డ్‌లోకి వద్దామనుకునే పిల్లలు అడిగేది ఇదే, అన్నా యుద్ధాలకి వెళ్తే బెటరా, గ్యాంగులు కాంట్రాక్టర్ల దందాలు తవ్వితే బెటరా అని. హెల్మెట్లు, బాంబులు గుర్తొచ్చి అందరూ యుద్ధానికే భయపడతారు, నాకైతే రెండోదే దడ.

యుద్ధం తేలికని కాదు. 2011 ఏప్రిల్ 20న లిబియాలోని మిస్రాటాలో టిమ్ హెథరింగ్టన్, క్రిస్ హోండ్రోస్ అనే ఫోటో జర్నలిస్టులు ఇద్దరూ పోయారు. హెథరింగ్టన్ రక్తం ఆగక పోయాడు, పక్కనున్నవాళ్లకి ఆపడం తెలిసుంటే బతికేవాడేమో అని ఆయన ఫ్రెండ్ సెబాస్టియన్ యుంగర్ ఫ్రీలాన్సర్లకి ఫస్ట్ ఎయిడ్ నేర్పే సంస్థే పెట్టాడు. టూర్నికే అని ఒక పట్టీ ఉంటుంది, చేతికో కాలికో గాయమైతే దానికి రెండు మూడు అంగుళాల పైన బిగించి, రక్తం ఆగేదాకా పుల్ల తిప్పి లాక్ చేసి, కట్టిన టైమ్ రాసిపెట్టాలి. అంటే ఇక్కడ నేర్చుకోగలిగింది ఎంతో కొంత ఉంది, పైగా బయటినుంచి వెళ్లినవాడు ఫ్లైట్ ఎక్కేస్తే ప్రమాదం అక్కడే ఉండిపోతుంది.

మాఫియా అలా కాదు, ఇంటికొస్తుంది. స్లోవేకియాలో యాన్ కుత్సియాక్ అనే జర్నలిస్టుకి 27 ఏళ్లు, చేసేది ఎక్కువగా కంప్యూటర్ ముందు కూర్చుని రికార్డులు, కంపెనీ కాగితాలు చదవడమే, 2018 ఫిబ్రవరిలో ఆయన్నీ కాబోయే భార్యనీ ఇంట్లోనే కాల్చేశారు. హెల్మెట్ ఏం చేస్తుంది చెప్పండి?

రెండూ ఒకే మనిషి జీవితంలో చూడాలంటే మన ములుగు జిల్లా దాటితే వచ్చే ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ చాలు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల దగ్గర బందీగా ఉన్న సీఆర్పీఎఫ్ జవాన్ని తీసుకురావడానికి అడవిలోకి వెళ్లిన జర్నలిస్టుల్లో ముకేశ్ చంద్రకర్ ఒకడు, క్షేమంగా వచ్చాడు. తర్వాత ఒక రోడ్డు కాంట్రాక్టులో అవినీతి మీద ఆయన కూడా పనిచేసిన వార్త బయటికొచ్చింది. 2025 జనవరి 3న ఆ కాంట్రాక్టర్‌కి చెందిన స్థలంలో సెప్టిక్ ట్యాంకులో ముకేశ్ శవం దొరికింది, పైన కొత్తగా వేసిన కాంక్రీటు. ప్రధాన నిందితుణ్ణి హైదరాబాద్‌లో పట్టుకున్నారు, నిందితుల్లో ముకేశ్ బంధువులు కూడా ఉన్నారని పోలీసులు చెప్పారు. తుపాకులున్న అడవిలోంచి బతికొచ్చిన మనిషి తానుండే ఊళ్లో పోయాడు!

అందుకే కొత్తవాళ్లకి నా ఓటు యుద్ధానికే, అదీ అనుభవం ఉన్నవాళ్ల వెనకాల. దందాల స్టోరీ విలువ ఎక్కువే, కాదనను, కానీ వార్తకింత అని డబ్బులు తీసుకునే స్ట్రింగర్ ఒక్కడే మీదేసుకునే పని కాదది. చేసి తీరాలనుకుంటే సోర్స్ మొహం బ్లర్ చేసి ఊరుకోకండి, వెనక కిటికీలోంచి కనిపించే వాటర్ ట్యాంకు చూసి ఊరోళ్లు ఇల్లు చెప్పేస్తారు, గొంతు కూడా మార్చాలి. ఫుటేజ్ ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న ఎడిటర్ దగ్గర పెట్టండి, మీ దగ్గర మాత్రమే కాదని అవతలివాళ్లకి తెలిసేలా.