తిరుపతి మిద్దె మీద స్టార్ ట్రాకర్: మోటారు బాగుంది, వెడ్జ్‌తోనే పేచీ

ముందే చెప్పేస్తున్నా, ఈ ట్రాకర్ మీద నాకు కోపం ఉంది. అమ్మేసేంత లేదు గానీ, దీన్ని ఎవరైనా వీడియోలో పొగుడుతుంటే ఆ మనిషిది ఏ ఊరో ముందు కనుక్కునేంత ఉంది. కంపెనీ పేరు చెప్పను. కెమెరాను నెత్తిన పెట్టుకుని ఆకాశంతో పాటు మెల్లగా తిరిగే ఈ చిన్న ట్రాకర్లన్నీ కాస్త అటూ ఇటుగా ఒకే తీరుగా ఉంటాయి. ఎన్ని కిలోలు మోస్తుంది, బ్యాటరీలు ఏ సైజువి, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నా పేచీ అంతా వెడ్జ్‌తో. ట్రైపాడ్‌కూ ట్రాకర్‌కూ మధ్య ఉండి, ట్రాకర్ ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు ఎత్తి పట్టుకునే భాగం అది.

మోటారును మాత్రం ఒక్క మాట అననివ్వను. కొన్నేళ్లుగా వాడుతున్నా, ఏప్రిల్ ఉక్కలోనూ జనవరి మంచులోనూ ఒక్కసారి మొరాయించలేదు.

తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. ధ్రువుడు కూడా మనకు దిగంతం మీద దాదాపు అంతే ఎత్తులో ఉంటాడు. మా ఇల్లు కపిలతీర్థం రోడ్డు వైపు. మిద్దె ఎక్కి ఉత్తరానికి తిరిగితే ఎదురుగా ఉండేది కొండే. ఊరు సముద్ర మట్టానికి 160 మీటర్ల ప్రాంతంలో ఉంటే, తిరుమల 850 మీటర్ల పైన ఉంది. కొండ పాదానికి ఇంత దగ్గర్లో కాపురం ఉండేవాడికి ధ్రువుడు కొండ అవతలే. తిరుచానూరు వైపు ఉండేవాళ్లకు కొండ అంచు కాస్త కిందికి దిగుతుంది కాబట్టి చుక్క పైన కనపడాలి. కానీ అంత కింద ఉన్న చుక్కను చూడాలంటే, నడినెత్తిన చూసేటప్పటి కన్నా నాలుగు రెట్ల గాలిని దాటి చూడాలి. దానికి తోడు తిరుమల దీపాల కాంతి, ఘాట్ రోడ్డు దీపాలు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే ఇక ఆశే వద్దు.

కాబట్టి ఈ ట్రాకర్‌లో అందరూ మెచ్చుకునే పోలార్ స్కోప్ (ధ్రువుణ్ణి గురిచూసే చిన్న దుర్బిణి), లోపల ఎర్ర దీపం, గుండ్రంగా అంకెలు గీసిన గాజుబిళ్ల, ధ్రువుణ్ణి ఏ అంకె దగ్గర కూర్చోబెట్టాలో చెప్పే యాప్, ఇదంతా మా మిద్దె మీద చీకటి కొండను చూసుకోవడానికే. ఒకటి ఒప్పుకోవాలి. ధ్రువుడు బాగా ఎత్తున ఉండే దేశాల వాళ్లు దాంట్లో చూడాలంటే మోకాళ్ల మీద కూర్చుని మెడ విరుచుకోవాలి. మనకు అది దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి స్టూలేసుకుని హాయిగా చూడొచ్చు. చూడటానికి ఏదైనా ఉంటే.

అయినా క్లస్టర్లు (నక్షత్రాల గుంపులు) తీసేవాడికి ధ్రువుడితో అంత పని లేదు. ఇరుసు అర డిగ్రీ తప్పుగా ఉన్నా, 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో చుక్క మహా అయితే 4 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) జరుగుతుంది. నా పాత డీఎస్ఎల్ఆర్‌కు 200 ఎంఎం లెన్స్ పెడితే అది ఒక పిక్సెల్ లోపే. అదే ట్రాకర్ లేకుండా తీస్తే ఒక్క సెకనులోనే చుక్క మూడు పిక్సెళ్లు దాటి గీతవుతుంది. 30 సెకన్లకు మించి తీద్దామన్నా మా ఊరి వెలుతురు ఒప్పుకోదు, ఆకాశం బూడిద రంగుకు తిరిగి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురెంతో చూపే గ్రాఫు) సగం దాటిపోతుంది. పొట్టి ఎక్స్‌పోజర్లు బోలెడు తీసి, డీప్ స్కై స్టాకర్, సిరిల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ ఒకే ఫొటోగా కలుపుకోవడమే దారి. ఎలాగూ పొట్టివే తీయాలి గనక ధ్రువుడు లేని లోటు తెలియదు. ఊరి వెలుతురు నాకు చేసిన మేలు ఇదొక్కటే.

ఉత్తరం పట్టుకోవడానికి సూర్యుడు చాలు. దారానికి బరువు కట్టి వేలాడదీసి, సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటే క్షణంలో దాని నీడ మీద గీత గీస్తే అదే ఉత్తర దక్షిణం. ఆ క్షణం తిరుపతిలో సరిగ్గా 12 గంటలకు రాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఊరేమో 79.4 దగ్గర ఉంది, అక్కడే ఓ 12 నిమిషాలు ఆలస్యం. దాని మీద ఏడాది పొడుగునా ఉండే హెచ్చుతగ్గులు కలిపితే నవంబరు మొదట్లో 11:56కు, ఫిబ్రవరి మధ్యలో 12:26కు వస్తుంది. ఏ రోజుకు ఎంతో స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ చెబుతుంది. డిసెంబరు, జనవరిలో గీసుకోవడం మంచిది. నీడ పొడుగ్గా పడుతుంది, నిమిషం అటూ ఇటూ అయినా తప్పు అర డిగ్రీ లోపే. ఏప్రిల్ చివర్లో, ఆగస్టు మధ్యలో ఈ పని పెట్టుకోకండి. అప్పుడు సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, దారానికి నీడే ఉండదు. మా మిద్దె మీద ఆ గీతకు పెయింటు వేసేశాను. వడియాలు పెట్టేటప్పుడు మా ఆవిడ దాన్ని హద్దుగా వాడుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఒక ఏప్రిల్‌లో ఒమెగా సెంటారీ మీద పడ్డాను. దక్షిణాకాశంలో మైనస్ 47.5 డిగ్రీల దగ్గర (అంటే ఖగోళ మధ్య రేఖకు అంత దక్షిణంగా) ఉండే గోళాకార క్లస్టర్ ఇది. లండన్ వాళ్లకు ఎప్పటికీ దిగంతం పైకి రాదు. మనకు దక్షిణాన 29 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. దాదాపు కోటి నక్షత్రాల ముద్ద, దూరం 17 వేల కాంతి సంవత్సరాల ప్రాంతం. 1677లో ఎడ్మండ్ హేలీ సెయింట్ హెలీనా దీవి దాకా ఓడెక్కి పోయి చూసి, అది ఒంటి చుక్క కాదని గుర్తించాడు. మనం బనియన్ మీద మిద్దె ఎక్కితే చాలు. జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల పెట్టేటప్పుడు కూడా, భూమధ్య రేఖకు దగ్గరైతే ఉత్తరం, దక్షిణం రెండూ అందుతాయన్నది ఒక లెక్క. ఉత్తరాన పోగొట్టుకున్నది మనకు దక్షిణాన వడ్డీతో సహా వస్తుంది. కాకపోతే మా మిద్దె నుంచి దక్షిణం అంటే ఊరంతా అటే.

మొదట్లో ఫ్రేములు బాగానే వచ్చాయి. తర్వాత ల్యాప్‌టాప్‌లో అన్నీ వరసగా తిప్పి చూస్తే, క్లస్టర్ ఫ్రేము నడుమ నుంచి కొద్దికొద్దిగా కిందికి పోతోంది. పక్కకు పోవడం లేదు, కిందికే. కొన్నింట్లో ప్రతి చుక్క పక్కనా ఇంకో మసక చుక్క, ఆకాశమంతా జంట నక్షత్రాలే ఉన్నట్టు. గాలికి కదిలిందా అంటే ఆకు కూడా కదలని రాత్రి. వీధిలో బండి పోయి అదిరిందా అంటే, ప్రతిసారీ ఒకే దిక్కుకు అదరదు. ఉత్తరం గీతలో తప్పుంటే చుక్క సాగాలి గానీ ఇలా గెంతకూడదు.

మర్నాడు పగలు వెడ్జ్ వంగే కీలు దగ్గర, కదిలే ముక్క మీదినుంచి కదలని ముక్క మీదికి సన్నగా పెన్సిల్ గీత గీశాను. కెమెరా, లెన్స్, వాటికి తూకంగా వెనక కట్టే బరువు అన్నీ బిగించి, లీవర్ గట్టిగా తిప్పి, కిందికి పోయి భోంచేసి వచ్చాను. గీత రెండు ముక్కలైంది. పై ముక్క వెంట్రుకవాసి ఉత్తరం వైపు దిగింది. కంటికి అది వెంట్రుకవాసే, 200 ఎంఎం లెన్స్‌కు మాత్రం చాలా దూరం. ఇరుసు ఉత్తరపు కొస కిందికి వాలితే, దక్షిణం చూస్తున్న కెమెరా ముక్కు పైకి లేస్తుంది, క్లస్టర్ ఫ్రేములో కిందికి పోతుంది. లెక్క కుదిరింది.

ఎందుకు వాలుతుందంటే మళ్లీ అక్షాంశమే. ఇరుసు నిటారుగా ఉన్నకొద్దీ బరువు ట్రైపాడ్ మీద నేరుగా కూర్చుంటుంది, పడుకున్నకొద్దీ ముందుకు వేలాడుతుంది. లండన్‌లో వాడేవాడి కీలు మీద పడే దాని కన్నా, మన 13.6 దగ్గర పడే లాగుడు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. దాన్నంతా ఆపేది లోపల ఒక ప్లాస్టిక్ వాషర్, బయట బొటనవేలంత లీవర్. స్కేలు మీద మాత్రం సున్నా నుంచి 70 దాకా అంకెలు దర్జాగా అచ్చేశారు. కొన్న చోట అడిగితే, "లీవర్ ఇంకా గట్టిగా బిగించండి సార్" అన్నారు. బిగించాను. పుటుక్కున విరిగింది.

ఇంకో చిరాకు కూడా ఇక్కడిదే. ముందుకు వేలాడుతోంది కదా అని ట్రైపాడ్ కాలొకటి ఉత్తరం వైపు పెడితే, బరువు కట్టే కమ్మీ తిరుగుతూ వచ్చి ఆ కాలికే తగులుతుంది. రెండు కాళ్లు ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి పెడితే కమ్మీ ఆ రెంటి మధ్య తిరుగుతుంది. ఇంత చిన్న సంగతి మాన్యువల్‌లో లేదు.

చివరికి గట్టెక్కించింది కొర్లగుంటలో ఒక వడ్రంగి. వంచే కీలే లేకపోతే జారే కీలూ ఉండదు. వేప చెక్కతో ఏటవాలు దిమ్మె చేయించాను. ఎర్రచందనం కాదు లెండి, ఈ ఊళ్లో ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది. 20 సెంటీమీటర్ల పొడవు, ఒక కొసన 4.8 సెంటీమీటర్ల ఎత్తు, రెండో కొస సున్నా. ఆ వాలు 13.6 డిగ్రీలు. ఆయన కొలతలు చూసి, "ఏం స్వామీ, ఇట్లా వాలుగా చేస్తే పైన పెట్టింది జారిపోదా?" అన్నాడు. "ఇప్పుడు జారేదే ఉండాది, ఇది జారకుండా చేసియ్యన్నా" అన్నాను. ట్రాకర్ కింది పట్టీని బోల్టులతో దానికే బిగించి ఇచ్చాడు. వెడ్జ్‌లో కుడి ఎడమలకు సరిచేసుకునే మరలు పోయాయి గానీ, పెయింటు గీత ఉన్నాక వాటితో పెద్దగా పని లేదు. మిద్దె వాన నీళ్లు పోవడానికి కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి, ట్రైపాడ్ మట్టం మాత్రం ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

తర్వాతి అమావాస్యకు అదే క్లస్టర్ తీశాను. క్లస్టర్ ఫ్రేము నడుమనుంచి కిందికి జారలేదు. అన్నీ కలిపి చూస్తే, అంచుల్లో చుక్కలు బొంబాయి రవ్వ చల్లినట్టు విడివిడిగా వచ్చాయి. నడుమ ముద్ద ముద్దగానే ఉంది, అది లెన్స్‌కు మించిన పని.

ఇప్పుడు మోటారు గురించి. పైన చెప్పింది 135 ఎంఎం దాకానే అనుకోండి. వెడ్జ్ జారడం ఆగాకే మోటారు తప్పు బయటపడింది. పళ్ల చక్రం తిరుగుడులో ఉండే హెచ్చుతగ్గుకు, చుక్కలు తూర్పు పడమరలకు కాస్త సాగుతాయి. 200 దగ్గర ఆ ఫ్రేములు ఏరి పారేయాలి, ఎన్ని పోతాయో ఆ రాత్రి అదృష్టం. ఈమధ్య 135 తోనే తీస్తున్నా, ఒకటీ అరా తప్ప పోవడం లేదు.

సిటీలో ఉండేవాళ్లకు లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొనమని సలహాలు వస్తాయి. క్లస్టర్లకైతే డబ్బులు దండగ. హైడ్రోజన్, ఆక్సిజన్ రంగుల్ని మాత్రమే వదిలే ఆ గాజులు మెరిసే వాయువుల నెబ్యులాలకు. చుక్క అన్ని రంగుల్లోనూ వెలుగుతుంది, వీధిలో ఎల్ఈడీ కూడా అంతే, రెంటినీ విడదీసే గాజు లేదు. కృత్తికల చుట్టూ ఉండే నీలి పొగ కూడా చుక్కల వెలుగు దుమ్ము మీద పడి వచ్చేదే, దానికీ ఫిల్టర్ సాయం చేయదు. మా మిద్దె నుంచి ఆ పొగ లీలగా వస్తే గొప్ప. పైగా కృత్తికలు రాత్రంతా ఉండే కార్తీకంలో మనకు మోడం, వాన. తెరిపి ఇచ్చిందనుకుంటే కార్తీక పౌర్ణమి, చంద్రుడు వచ్చి వాటి పక్కనే కూర్చుంటాడు. నేను జనవరి దాకా ఆగుతాను. ఫిబ్రవరి, మార్చిలో పుష్యమిలోని ఎం44 క్లస్టర్ మాత్రం మన లాంటి ఆకాశానికే పుట్టింది. దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది, కింది మసకంతా తప్పించుకుంటుంది, చుక్కలు పెద్దవి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి రాత్రే ఫలితం కనపడుతుంది.

ఊరు దాటి చీకట్లోకి పోవచ్చు కదా అంటారు. శేషాచలం అడవి అంచున అర్ధరాత్రి మూడుకాళ్ల సామానుతో నిలబడితే గస్తీ వాళ్లకు ఏం అనుమానం వస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పలమనేరు వైపు చీకటి బాగుంటుంది, ఏనుగులకు కూడా. హార్సిలీ హిల్స్‌లో గది తీసుకుని చేసుకోవచ్చు, ఎత్తుకు గాలి కూడా శుభ్రం. ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా అయ్యే పని కాదది, నా వరకు మిద్దే గతి.

కొనమంటారా అంటే, అది మీ ఇంటి మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పటికే కెమెరా, ఓ మోస్తరు లెన్స్ ఉండి, దక్షిణం కాస్త తెరిపిగా ఉండి, క్లస్టర్లతో సరిపెట్టుకునేవాళ్లయితే కొనండి, వెడ్జ్ లేకుండా విడిగా అమ్మితే అది తీసుకోండి. కెమెరా కూడా కొత్తగా కొనాల్సి వస్తే, ఆ డబ్బుకు ధ్రువుడి గొడవే లేకుండా తనంతట తనే వెతుక్కునే చిన్న స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి, అవి చూసి నిర్ణయించుకోండి. నేను వాడలేదు కాబట్టి వాటి గురించి ఇంతకు మించి చెప్పను. నాకైతే పాత లెన్సులు ఇంట్లో ఉన్నాయి, పైగా ఇంత తంటాలు పడ్డాక దీన్ని వదులుకోబుద్ధి కావడం లేదు.

దిమ్మె చేయించుకునేవాళ్లు 20 సెంటీమీటర్ల పొడవుకు ఎత్తు ఇలా చెప్పండి: తిరుపతికి 4.8, చిత్తూరుకు 4.7, కుప్పానికి 4.5. చెక్క బాగా ఆరిందై ఉండాలి, పచ్చిదైతే మొదటి వేసవికే వంకర పోతుంది. వార్నిష్ రెండు పూతలు వేయించండి, వానాకాలంలో ఉబ్బకుండా ఉంటుంది.