లైసెన్స్ ఉన్న యాప్‌లో పందెమా, విదేశీ సైట్‌లోనా?

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఫోన్ తీసి ఫుట్‌బాల్ మ్యాచ్‌పై చట్టబద్ధంగా పందెం కాయొచ్చు. టెక్సస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్ యాప్‌లకు లైసెన్సులే లేవు. అందుకే అక్కడ కొందరి చూపు విదేశీ సైట్ల మీద పడుతుంది.

స్పోర్ట్స్ బెట్టింగ్‌పై 1992 నాటి నిషేధ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2018 మేలో కొట్టేశాక, నిర్ణయం రాష్ట్రాల చేతికొచ్చింది. లైసెన్స్ యాప్ మీ వయసు (చాలా రాష్ట్రాల్లో 21), ఫోన్ ఉన్న చోటు చూస్తుంది. ఇల్లు ఎక్కడుందన్నది కాదు, పందెం కాసేటప్పుడు మీరెక్కడున్నారన్నదే లెక్క. గొడవొస్తే ఫిర్యాదుకు రాష్ట్ర నియంత్రణ సంస్థ ఉంటుంది.

విదేశీ సైట్ సంగతి అంత తేలిక కాదు. 1961 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం వైర్ యాక్ట్ గురి పందేల వ్యాపారం చేసేవాళ్ల మీద. 2006 చట్టం ఆ వ్యాపారాలకు డబ్బు చేరకుండా అడ్డుకుంటుంది. మామూలుగా పందెం కాసే మనిషి వీటి గురి కాదు. దీన్ని పట్టుకుని "అయితే అంతా లీగలే" అనేవాళ్లను నమ్మకండి. రాష్ట్ర చట్టాలు వేరే ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే అనుమతి లేని ఆన్‌లైన్ జూదం చట్టం రాతలో ఫెలనీయే (తీవ్ర నేరమే). పైగా ఆ సైట్ గెలిచిన డబ్బు ఎగ్గొడితే అడిగే దిక్కుండదు. నన్నడిగితే ఈ ఒక్క కారణం చాలు, వద్దనడానికి.

పన్ను రెండిటికీ ఒకటే: గెలిచిందంతా ఆదాయమే. 2026 నుంచి నష్టాల్లో 90 శాతమే, అదీ గెలుపు మొత్తం మించకుండా, తగ్గించుకోవచ్చు.

గ్రీన్‌కార్డు ఉన్న మనవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పౌరసత్వానికి లెక్కలోకొచ్చే కాలంలో రెండు జూదం నేరాలు రుజువైతే, సత్ప్రవర్తన షరతు దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది.