చెలకలో ఏ వేరు మేలు: జొన్నదా, కందిదా?

వానాధారపు ఎర్రచెలకలో జొన్న వేయాలా, కంది వేయాలా అనుకున్నప్పుడు అందరం ముందు ధరలే చూస్తాం. నేనైతే ముందు వేళ్ళను చూడమంటాను. వాన మొహం చాటేసిన ఏడు పంట దక్కేదీ పోయేదీ అక్కడే తేలుతుంది.

జొన్నది గడ్డి కుటుంబం. వరి, మొక్కజొన్న, కొర్ర, చెరకు అన్నీ దాని బంధువులే. గింజ నుంచి వచ్చే మొదటి వేరు మీద ఈ మొక్కలు ఎక్కువ కాలం ఆధారపడవు. కాండం అడుగు కణుపుల నుంచి పుట్టే పీచువేళ్ళే వాటిని పోషిస్తాయి. 1937లో డిట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇదే కుటుంబానికి చెందిన ఒక్క రై (గోధుమలాంటి ధాన్యం) మొక్కను నాలుగు నెలలు పెట్టెలో పెంచి వేళ్ళు లెక్కగడితే, మొత్తం పొడవు 620 కిలోమీటర్లు దాటింది! చిన్న జల్లు పడినా పైమట్టి తడిని ఒడిసిపట్టేది ఈ పీచే. కానీ బెట్ట వస్తే ముందు ఆరిపోయేదీ ఆ పైమట్టే.

కందిది చిక్కుడు కుటుంబం. తల్లివేరు నిలువుగా దిగుతుంది, లోతు నేల దొరికితే ఆరడుగుల దాకా పోతుంది. మొదటి నెలన్నర మొక్క ఎదుగూబొదుగూ లేనట్టు కనిపించి మనకు టెన్షన్ పెడుతుంది గానీ, ఆ రోజుల్లో కింద వేరు పని సాగుతూనే ఉంటుంది. వానలు ఆగిపోయాక కూడా కంది పచ్చగా నిలిచి పూతకు రావడం ఆ లోతు వల్లే. పక్కవేళ్ళ మీద బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అందులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. బూడిద రంగులో ఉంటే ఆ బుడిపె పని చేయడం లేదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది భాస్వరం సంగతి. ఎర్రనేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముతో ముడిపడి ఉంటుంది. నేలలో ఉన్నా మొక్క నోటికి అందదు. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన ఒకటి 1990లో సైన్స్ పత్రికలో వచ్చింది. కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని విడుదల చేస్తాయనీ, అది ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందనీ అందులో తేలింది. జొన్న వేరుకు ఈ విద్య లేదు. మన చెలకలకు ఇంతగా సరిపోయే వేరు మన పక్కనే ఉన్నా, భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువు బస్తాల గురించి మాట్లాడినంతగా దాని గురించి మాట్లాడుకోం.

అయితే నల్లరేగడిలో లెక్క మారుతుంది. అక్కడ భాస్వరం ఎక్కువగా సున్నంతో ముడిపడి ఉంటుంది కాబట్టి కందికి ఈ పైచేయి ఉండదు. పైగా నీరు నిలిస్తే కంది తట్టుకోలేదు, బోదెల మీద వేయాల్సిందే. పశువులున్న ఇంటికి చొప్ప కావాలి కాబట్టి జొన్నను పూర్తిగా వదులుకోమనీ చెప్పలేం.

ఎర్రచెలకలో ఒక్కటే వేయాల్సి వస్తే నా ఓటు కందికే. రెండూ కలిపి వేస్తే ఇంకా మేలు. రెండు సాళ్ళ జొన్నకు ఒక సాలు కంది వేసుకోవచ్చు. కంది నెమ్మదిగా లేచే రోజుల్లో జొన్న పైతడిని వాడుకుంటుంది. దాదాపు మూడున్నర నెలలకు జొన్న కోత అయిపోయాక, లోతు తడి మీద కంది కొమ్మలు వేసి పుంజుకుంటుంది. నేలలోని బూజు వేళ్ళ గుండా ఎక్కి తెచ్చే ఎండు తెగులు కూడా జొన్న మధ్య వేసిన కందిలో తగ్గుతుంది.

ఈ మాటలన్నీ వేరు దిగడానికి చోటున్న నేలకే వర్తిస్తాయి. విత్తే ముందు గడ్డపారతో మోకాలి లోతు గుంత తీసి చూడండి. ఏటా అదే లోతులో దున్నిన పొలాల్లో కింద గట్టి పొర కడుతుంది. అలాంటి చోట పీకిన కంది మొక్కకు తల్లివేరు అడ్డంగా వంకర తిరిగి ఉంటుంది. ఆ పొరను వేసవిలో లోతుదుక్కితో పగలగొట్టొచ్చు. అడుగు లోతుకే మొరం రాయి తగిలితే మాత్రం కంది మీద ఆశ పెట్టుకోవద్దు. కొర్ర వేసుకోండి, మూడు నెలల్లో చేతికొస్తుంది.